‘వెళ్ళేవాణ్ణి’ ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు: ఒక పేరా, పది వాక్యాలు, ఎనిమిది తప్పులు

“మీ ఊరు, మీ ఇల్లు ఒకప్పుడు ఎలా ఉండేవి? ఇప్పుడెలా ఉన్నాయి?” ఈ ప్రశ్నకి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమంటే శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ తరగతుల్లో కొన్ని తప్పులు పదేపదే అవే వస్తుంటాయి. వాటిని ఒక్కచోట చూపించడానికి కింద ఒక పేరా కూర్చాం. ఇది ఏ ఒక్క విద్యార్థి రాసిందీ కాదు, ఒక్కో వాక్యం ఒక్కో రకం తప్పుకి నమూనా. రాసినవాడు ఉద్దానంలో కవిటి వైపు కొబ్బరితోటల మధ్య పెరిగి, ఇప్పుడు శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కుర్రాడనుకోండి. గ్రామర్ పుస్తకం చూడనివాడేం కాదు. ఖాళీలు పూరించమంటే బాగానే పూరిస్తాడు. సొంతంగా రాయమంటేనే ఇలా వస్తుంది.

1. మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ హావింగ్ ఫార్టీ కోకొనట్ ట్రీస్.
2. ఐ యామ్ యూస్ట్ టు గో టు ద గార్డెన్ విత్ హిమ్ ఎవ్రీ సండే.
3. హీ వుడ్ బి వెరీ స్ట్రాంగ్ దట్ టైమ్.
4. హీ వుడ్ క్లైంబ్ ద ట్రీస్ అండ్ ఐ వుడ్ కలెక్ట్ ద నట్స్.
5. హీ డిడ్ నాట్ యూస్ట్ టు టేక్ ఎనీ మెడిసిన్.
6. వుయ్ యూస్ట్ టు లివ్ ఇన్ దట్ హౌస్ ఫర్ ఎయిట్ ఇయర్స్.
7. హీ యూస్ట్ టు గో టు విశాఖపట్నం టూ టైమ్స్ ఫర్ హిస్ ఐ ఆపరేషన్స్.
8. ఇన్ 2018 తిత్లీ కేమ్ అండ్ మోస్ట్ ఆఫ్ ద ట్రీస్ ఫెల్.
9. నౌ హీ యూస్ టు సిట్ ఎట్ హోమ్ అండ్ వాచ్ టీవీ.
10. నౌ ఐ యామ్ యూస్ట్ టు లివ్ ఇన్ ఎ హాస్టల్.

నాలుగు, ఎనిమిది వాక్యాలు సరిగ్గా ఉన్నాయి (ఎనిమిదోదాంట్లో తిత్లీ అంటే ఆ ఏడు వచ్చిన తుపాను). తక్కిన ఎనిమిదీ తప్పే. అయితే ఎనిమిది తప్పులకీ ఎనిమిది కారణాలు లేవు.

పలుకుబడి గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు లిపిలో రాస్తే అది కళ్ళకి కడుతుంది. యు-ఎస్-ఇ-డి అన్న నాలుగక్షరాల మాటకి ఇంగ్లీషులో రెండు ఉచ్చారణలున్నాయి. “వాడారు” అనే అర్థంలో అయితే ‘యూజ్డ్’. “ఒకప్పుడు వెళ్ళేవాణ్ణి” అనే అర్థంలోనూ, “అలవాటైపోయింది” అనే అర్థంలోనూ అయితే ‘యూస్ట్’. పక్కనే ‘టు’ రావడంతో రెండు ట-లూ కలిసిపోయి ‘యూస్టు’ అని ఒకే మాటలా వినిపిస్తుంది. పాలల్లో కలుపుకునే ‘బూస్టు’తో ప్రాస కుదిరేది ఈ ‘యూస్టు’. ఇక్కడి తరగతుల్లో మాత్రం అన్నిటికీ ‘యూజ్డ్ టు’ అనేస్తారు. దానివల్ల ‘దిస్ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ కోకొనట్స్’, అంటే ఈ కత్తిని కొబ్బరికాయలు కొట్టడానికి వాడతారు అన్న వాక్యం, పై పేరాలోని రెండో వాక్యం చెవికి ఒకేలా తగిలి కలగలిసిపోతాయి. మొదటి రోజే బూస్టు-యూస్టు అని పదిసార్లు అనిపిస్తే ఆ గొడవ సగం తీరుతుంది.

ఎర్రపెన్ను కన్నా ముందు

మామూలుగా ఏం చేస్తారంటే, బోర్డు మీద “యూస్ట్ టు ప్లస్ వి-వన్ (క్రియ మొదటి రూపం): గతంలోని అలవాటు” అని రాసి, తప్పున్నచోటల్లా ఎర్రగీత కొడతారు. కుర్రాడికి ఆ సూత్రం ఎప్పుడో వచ్చు. సూత్రం రాక రాసిన తప్పులు కావివి. ఇంగ్లీషు వాక్యం వెనక తెలుగులో అతనికి ఏం తట్టిందో అటు అతనూ చూసుకోలేదు, ఇటు మనమూ చూడలేదు.

అందుకని దిద్దడం ఆపి, ప్రతి వాక్యం కిందా అదే సంగతి ఇంట్లో చెప్పినట్టు తెలుగులో రాయించాలి. పుస్తకాల తెలుగు వద్దు. “ఎల్లీవోణ్ణి”, “ఉండీది” అని రాస్తే ఇంకా మంచిది, అసలు రూపం దొరుకుతుంది.

రాయించగానే ఆరో వాక్యం దగ్గర ఒక తమాషా కనిపిస్తుంది. ఇంగ్లీషులో ‘యూస్ట్ టు లివ్ ఫర్ ఎయిట్ ఇయర్స్’ అని రాసినవాడే తెలుగులో “ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉన్నాం” అని రాస్తాడు. “ఎనిమిదేళ్ళు ఉండేవాళ్ళం” అని రాయడు, రాస్తే తనకే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఏడో వాక్యమూ అంతే: “కంటి ఆపరేషన్లకి రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళాడు.” ఇక్కడ “రెండుసార్లు వెళ్ళేవాడు” అని ఎవరూ అనరు. “నెలకి రెండుసార్లు వెళ్ళేవాడు” అంటారు.

ఇంగ్లీషు గీసిన గీతా సరిగ్గా అదే. మొత్తం ఎంతకాలమో, మొత్తం ఎన్నిసార్లో లెక్కతేల్చి చెబితే అది ముగిసిన ముక్క, దానికి సాదా గతకాలం: ‘లివ్డ్ ఫర్ ఎయిట్ ఇయర్స్’, ‘వెంట్ ట్వైస్’. లెక్క తేలకుండా సాగిన దానికి ‘యూస్ట్ టు’. ‘ట్వైస్ ఎ మంత్’ అన్నది మొత్తం లెక్క కాదు, ఒక్కో నెలకి ఎన్నిసార్లన్నది మాత్రమే, కాబట్టి దాని పక్కన ‘యూస్ట్ టు’ దర్జాగా నిలబడుతుంది.

దీన్ని సూత్రంగా మార్చి “ఫర్ ఉంటే యూస్ట్ టు రాకూడదు” అని చెప్పే గైడ్లు ఉన్నాయి. ఆ సూత్రం నేర్చుకున్నవాడు ‘హీ యూస్ట్ టు సిట్ ఆన్ ద బీచ్ ఫర్ అవర్స్’ అన్న మంచి వాక్యాన్ని కొట్టేస్తాడు. “గంటల తరబడి కూర్చునేవాడు” అన్నది తెలుగులో ఎంత సహజమో ఇంగ్లీషులోనూ అంతే, ఎందుకంటే ఆ గంటలు ఒక్కోసారి కూర్చున్నవి, మొత్తం కలిపినవి కావు. ఇలాంటిచోట సూత్రం కన్నా చెవి తీర్పు నయం. తెలుగులో “-ఏవాడు” పలికితే ‘యూస్ట్ టు’ నప్పుతుంది, “-ఆడు” పలికితే నప్పదు.

మా పద్ధతి అంతా దీనిమీదే నడుస్తుంది. రెండు భాషలూ ఒకే గీత గీసినచోట పాఠం చెప్పక్కర్లేదు, చెవిని నమ్మమంటే చాలు. గీతలు విడిపోయే చోట్లు కొన్నే ఉన్నాయి. ఉన్న పీరియడ్లన్నీ వాటికే ఖర్చుపెట్టాలి.

చెవి మోసం చేసే చోట్లు

తెలుగులో “-ఏవాడు, -ఏది, -ఏవి” అన్న ఒకే తోక నాలుగు పనులు చేస్తుంది. చెట్టెక్కేవాడు: మళ్ళీమళ్ళీ చేసిన పని. బలంగా ఉండేవాడు: సాగిన స్థితి. నువ్వు ఫోన్ చేసుంటే వచ్చేవాణ్ణి: జరగని పని. పాలు పోసేవాడు: పాలు పోసే మనిషి. నాలుగోదాంతో ఎవరూ పెద్దగా తికమకపడరు. మూడోది ఈ పేరాలో లేదు గానీ మాట్లాడేటప్పుడు బయటపడుతుంది: ‘ఇఫ్ యు టోల్డ్ మి, ఐ యూస్ట్ టు కమ్.’ అది ‘ఇఫ్ యు హాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్’ కావాలి. తెలుగు వాక్యంలో “ఉంటే” కనిపిస్తే ‘యూస్ట్ టు’ జోలికి పోవద్దని ఒక్క మాట చెబితే సరిపోతుంది.

అసలు చిక్కు మొదటి రెంటి మధ్య. పనికీ స్థితికీ తెలుగులో రూపం ఒకటే. ఇంగ్లీషులో ‘యూస్ట్ టు’ రెంటికీ పనికొస్తుంది గానీ ‘వుడ్’ పనికి మాత్రమే పనికొస్తుంది. అందుకే నాలుగో వాక్యం సరైనది, మూడోది తప్పు. ‘హీ వుడ్ బి వెరీ స్ట్రాంగ్’ అని వింటే ఇంగ్లీషువాడికి “బలంగా ఉండేవాడు” అని తోచదు, “ఉండి ఉంటాడులే” అనో “ఏదో జరిగితే ఉండేవాడు” అనో తోస్తుంది.

పనో స్థితో తేల్చడానికి ఇంగ్లీషు క్రియల జాబితా బట్టీ పట్టించవచ్చు: బి, హావ్, నో, లైక్, వాంట్, బిలీవ్, బిలాంగ్, లివ్. కానీ తెలుగులో ఒక చిన్న ప్రశ్న వేస్తే అంతకన్నా త్వరగా తేలుతుంది: “ఎన్నిసార్లు?”

“సార్, ‘ఆ ఇంట్లో ఉండేవాళ్ళం’ అన్నది పనేనా?”
“ఎన్నిసార్లు ఉండేవాళ్ళని అడిగి చూడు, బాబూ.”
“అలా అడగం కద సార్.”
“అడగలేకపోతే వుడ్ పెట్టకు.”

“ఎన్నిసార్లు చెట్టెక్కేవాడు?” అని అడగొచ్చు, జవాబూ వస్తుంది. “ఎన్నిసార్లు బలంగా ఉండేవాడు?” అంటే నవ్వుతారు. ‘హావ్’ లాంటి రెండు ముఖాల క్రియనీ ఈ ప్రశ్నే విడదీస్తుంది. టీ తాగడం అయితే ఎన్నిసార్లని అడగొచ్చు, కాబట్టి ‘వుయ్ వుడ్ హావ్ టీ ఎట్ ద స్టేషన్’ సరైనదే. చెట్లు ఉండటం అయితే అడగలేం, కాబట్టి ‘వుడ్ హావ్ ఫార్టీ ట్రీస్’ చెల్లదు. ‘దేర్ వుడ్ బి’ కూడా ఇలాగే రెండు రకాలు. ‘ఎవ్రీ ట్యూస్‌డే దేర్ వుడ్ బి ఎ బిగ్ క్రౌడ్’ సరే, వారం వారం జనం మళ్ళీ పోగయ్యేవాళ్ళు. నౌపడ నుంచి గుణుపూర్‌కి ఉండే చిన్న రైలుమార్గానికి మాత్రం ‘దేర్ యూస్ట్ టు బి ఎ నారో గేజ్ లైన్’ అనే అనాలి. 2004లో ఆపి, పెద్ద లైను వేసేదాకా అది కదలకుండా అక్కడే ఉంది.

స్థితి, దాన్ని మార్చిన సంఘటన పక్కపక్కనే వచ్చినప్పుడు కాలాలు ఎలా పంచుకోవాలో చూపించడానికి పార్వతీపురం కన్నా మంచి ఉదాహరణ ఇక్కడ దొరకదు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాకి కేంద్రమైంది. ఇంగ్లీషులో: ‘పార్వతీపురం యూస్ట్ టు బి ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్. ఇన్ 1979 ఇట్ బికేమ్ పార్ట్ ఆఫ్ విజయనగరం డిస్ట్రిక్ట్. ఇట్ వాజ్ దేర్ ఫర్ మోర్ దాన్ 42 ఇయర్స్.’ ఒకటోది లెక్కలేని స్థితి, రెండోది ఒక్కసారి జరిగిన మార్పు, మూడోది లెక్కతేలిన కాలం. మూడిట్లో ఒక్కదానికే ‘యూస్ట్ టు’ దక్కింది. ఇదే నమూనాలో రాజాం, పాలకొండల మీద రాయించండి. 2022 దాకా రెండూ శ్రీకాకుళం జిల్లావే, ఇప్పుడు ఒకటి విజయనగరంలో, ఒకటి మన్యంలో ఉన్నాయి. ఆ ఊళ్ళ పిల్లలైతే ఈ మూడు వాక్యాలూ మర్చిపోరు.

తెలుగు చెవి తప్పుదోవ పట్టించే ఇంకో చోటు పెద్దల జీవితచరిత్ర. “గురజాడ విజయనగరంలో ఉండేవారు” అన్నది మనకి చక్కని వాక్యం. ఇంగ్లీషులో ‘గురజాడ యూస్ట్ టు లివ్ ఇన్ విజయనగరం’ అంటే వ్యాకరణం చెడదు గానీ, తర్వాత ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోయారన్న ధ్వని వస్తుంది. 1915లో ముగిసిన జీవితం గురించి చెప్పేటప్పుడు ‘లివ్డ్’ చాలు. గిడుగు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పేవారు అన్నప్పుడూ అంతే, ‘టాట్’.

ఒకటో వాక్యంలోని ‘వాజ్ హావింగ్’ గురించి. “ఉండేవి” అన్న మాటలో సాగుతున్నట్టుగా ఒక ఊపు వినిపిస్తుంది, ఆ ఊపే ‘ఇంగ్’ని లాక్కొస్తుంది. దాని వెనక ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనే పాత అలవాటు ఎలాగూ ఉంది. సొంతం అన్న అర్థంలో ‘హావ్’కి ‘ఇంగ్’ తగలదు. ‘హాడ్’ అనొచ్చు, ‘యూస్ట్ టు హావ్’ అనొచ్చు. రెండోది అంటే ఆ చెట్లు ఇప్పుడు లేవని ముందే చెప్పినట్టు. “వెళ్తుండేవాణ్ణి” నుంచి వచ్చే ‘ఐ వాజ్ గోయింగ్ డైలీ’ కూడా ఈ కుటుంబానిదే. కొన్నాళ్ళపాటు తాత్కాలికంగా జరిగిన దానికి అది నప్పుతుంది: ‘దట్ మంత్ ఐ వాజ్ గోయింగ్ టు ద హాస్పిటల్ ఎవ్రీ డే.’ చిన్నప్పుడంతా బడికి వెళ్ళడానికి నప్పదు.

ఐదో వాక్యం వ్యవహారం చిన్నది. ‘డిడ్’ వచ్చిందంటే గతం దానిలోకి వెళ్ళిపోయింది, ఇక ‘డి’ రెండోచోట అక్కర్లేదు: ‘డిడ్ నాట్ యూస్ టు టేక్’. నోటితో అంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి ఇది రాతలో మాత్రమే దొరికే తప్పు. పరీక్షల్లో అడిగేదీ ఇదే. పాత పుస్తకాల్లో ‘యూస్ట్ నాట్ టు’ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది పాతబడిన మర్యాద రూపం. మాటల్లో ‘నెవర్ టుక్ ఎనీ మెడిసిన్’ అంటే అన్నిటికన్నా హాయి.

ఇదే వాక్యాన్ని ‘హీ వుడ్ నాట్ టేక్ ఎనీ మెడిసిన్’ అని దిద్దేవాళ్ళున్నారు. అది తప్పు వాక్యం కాదు, వేరే వాక్యం. “మందులు వేసుకునేవాడు కాదు” అని కాదు, “ఎంత బతిమాలినా మందు ముట్టనంటే ముట్టననేవాడు” అని అర్థం.

వుడ్‌కి ముందు తలుపు తియ్యాలి

పనే అయినా, మళ్ళీమళ్ళీ జరిగినదే అయినా, ‘వుడ్’ ఒంటరిగా పేరా మొదలుపెట్టలేదు. ‘ఐ వుడ్ గో టు విజయనగరం’ అని మొదలెడితే వినేవాడు ‘ఇఫ్’ కోసం ఎదురుచూస్తాడు. వెళ్ళేవాణ్ణేమో, ఏం జరిగితే? కాలం ఏదో ముందు చెప్పాలి: ‘యూస్ట్ టు’తో గానీ, సాదా గతంతో గానీ, ‘వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్’ లాంటి మాటతో గానీ. ఆ తర్వాత ఎన్ని ‘వుడ్’లైనా పడతాయి:

‘వెన్ ఐ వాజ్ స్మాల్, వుయ్ యూస్ట్ టు గో టు విజయనగరం ఫర్ ద సిరిమాను ఫెస్టివల్ ఎవ్రీ ఇయర్. వుయ్ వుడ్ టేక్ ద మార్నింగ్ బస్ అండ్ వుడ్ స్టాండ్ నియర్ ద ఫోర్ట్ బిఫోర్ ద క్రౌడ్ కేమ్. మై ఫాదర్ వుడ్ లిఫ్ట్ మి ఆన్ టు హిజ్ షోల్డర్స్. వన్ ఇయర్ ఇట్ రెయిన్డ్ హెవీలీ, బట్ నోబడీ లెఫ్ట్.’

మొదటి వాక్యం తలుపు తీసింది. ‘వుడ్’లు లోపలికొచ్చాయి. ‘వన్ ఇయర్’ అనగానే ఒక్కసారి జరిగిన సంగతి కాబట్టి మళ్ళీ సాదా గతం. “ఒక ఏడు వాన కురిసింది” అని తెలుగులోనూ రూపం మారుతుంది చూడండి, “కురిసేది” అనం. ఈ మార్పు చెవే చూసుకుంటుంది. తలుపు తియ్యడం మాత్రం నేర్పాలి, తెలుగుకి ఆ అవసరం లేదు గనక.

ప్రశ్నకి ‘వుడ్’ వాడొద్దు. ‘వుడ్ యు గో దేర్?’ అంటే “వెళ్తావా?” అన్నట్టుంటుంది. “వెళ్ళేవాడివా?” అనడానికి ‘డిడ్ యు యూస్ టు గో దేర్?’.

అలవాటు అన్న మాటతో వచ్చిన తంటా

రెండు, పది వాక్యాల తప్పుకి కారణం విద్యార్థి కాదు, మనమే. ‘యూస్ట్ టు’కి తెలుగు అర్థం “అలవాటు” అని చెప్పి మొదలుపెట్టాం. “అలవాటు” తెలుగులో “నాకు అలవాటు ఉంది” అనే వస్తుంది. ఆ “ఉంది” కోసం కుర్రాడు ‘యామ్’ తెచ్చిపెట్టాడు. తయారైంది ‘ఐ యామ్ యూస్ట్ టు గో’.

ఇక్కడ రెండు వేర్వేరు నిర్మాణాలున్నాయి. “నేను తోటకి వెళ్ళేవాణ్ణి” అయితే ‘ఐ యూస్ట్ టు గో’. “నాకు హాస్టల్లో ఉండటం అలవాటే” అయితే ‘ఐ యామ్ యూస్ట్ టు లివింగ్ ఇన్ ఎ హాస్టల్’. రెండోదాంట్లో ‘టు’ అనేది క్రియకి ముందు తగిలించే తోక కాదు, ‘ఫర్’, ‘విత్’ లాంటి విభక్తి మాట. దాని తర్వాత నామవాచకం రావాలి, లేదా ‘ఇంగ్’ తగిలించి నామవాచకంలా మార్చిన క్రియ రావాలి. తేల్చుకోవడానికి క్రియ తీసేసి ‘హాస్టల్ ఫుడ్’ పెట్టి చూడండి. ‘ఐ యామ్ యూస్ట్ టు హాస్టల్ ఫుడ్’ నిలుస్తుంది. ‘ఐ యూస్ట్ టు హాస్టల్ ఫుడ్’ కూలుతుంది.

తెలుగు వైపు గుర్తు “నేను”, “నాకు”. “నాకు” ఉండి, వాక్యంలో “అలవాటు” అన్న మాట కూడా ఉంటేనే ‘యామ్’, ‘ఇంగ్’. రెండూ చూడమని గట్టిగా చెప్పాలి. ఒక్క “నాకు”నే పట్టుకుంటే “మా తాతకి నలభై చెట్లు ఉండేవి” అన్నచోట ‘వాజ్ యూస్ట్ టు’ వచ్చిపడుతుంది.

“అలవాటు పడుతున్నాను” అయితే ‘ఐ యామ్ గెటింగ్ యూస్ట్ టు’, “అలవాటు పడిపోయాను” అయితే ‘ఐ హావ్ గాట్ యూస్ట్ టు’. ఇంతకు మించి ఇందులో లోతు లేదు.

చాలా పుస్తకాలు ‘యూస్ట్ టు’, ‘బి యూస్ట్ టు’, ‘గెట్ యూస్ట్ టు’ మూడింటినీ ఒకే పేజీలో మూడు గళ్ళ పట్టికగా ఇస్తాయి. పట్టిక చూడముచ్చటగానే ఉంటుంది. పరీక్ష ముందురోజు తిరగేయడానికి పనికొస్తుంది. మొదటిసారి నేర్పడానికి మాత్రం పనికిరాదు. ఒకే రోజు మూడూ విన్న పిల్లాడి బుర్రలో మూడు ముక్కలూ విడిపోయి తమకి తోచినట్టు అతుక్కుంటాయి. మధ్యలో కనీసం వారం ఎడం పెట్టాలి. మొదటి వారం అంతా “అలవాటు” అన్న మాటే నోట రాకుండా, “-ఏవాడు” అన్న తోకతోనే నడపాలి.

తొమ్మిదో వాక్యం ఈ బాపతు కాదు. “ఇప్పుడు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుంటాడు.” తోక “-తుంటాడు”, అంటే వర్తమానపు అలవాటు. ‘యూస్ట్ టు’ గతమైతే ‘యూస్ టు’ వర్తమానం కావాలి కదా అని కుర్రాడి లెక్క. లెక్క సబబే, పాత ఇంగ్లీషులో అలా ఉండేది కూడా. కానీ ఆ వర్తమాన రూపం వాడుకలోంచి పోయింది. ఇప్పుడు సాదా వర్తమానమే: ‘హీ సిట్స్ ఎట్ హోమ్ అండ్ వాచెస్ టీవీ.’ కావాలంటే ‘యూజువల్లీ’ చేర్చుకోవచ్చు.

తరగతిలో వరుస

ఆరు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు.

మొదటి పీరియడ్‌లో ఇంగ్లీషు ముక్క ఉండదు. 24 చీటీల మీద 24 తెలుగు వాక్యాలు రాసి నలుగురేసి పిల్లలకి ఒక్కో కట్ట ఇవ్వాలి: మళ్ళీమళ్ళీ చేసిన పనులు 8, స్థితులు 6, “నాకు అలవాటు” వాక్యాలు 4, లెక్కతేలినవి 3, “ఉంటే” ఉన్నవి 3. ఐదు కుప్పలుగా పేర్చమనాలి. కుప్పల పేర్లు ముందు చెప్పకూడదు, వాళ్ళే కనిపెట్టాలి. పనులనీ స్థితులనీ మొదట ఒకే కుప్పలో వేస్తారు, వెయ్యనివ్వండి. అప్పుడు “ఎన్నిసార్లు?” అని అడిగించాలి. ఆ కుప్ప కళ్ళముందే రెండుగా విడిపోతుంది. చీటీలు కలపకుండా దారం కట్టి దాచాలి, తర్వాత పీరియడ్లకి అవే కావాలి.

రెండో పీరియడ్: బూస్టు-యూస్టు, తర్వాత పనుల కుప్ప, స్థితుల కుప్ప రెండూ ‘యూస్ట్ టు’లోకి. ఈ రోజు అన్ని వాక్యాల్లోనూ ‘యూస్ట్ టు’ వచ్చినా ఊరుకోండి. మూడోదాంట్లో లెక్కతేలిన చీటీలు తీసి, అవే వాక్యాలు సాదా గతంలో రాయించి పక్కన పెట్టి చదివించాలి. పార్వతీపురం వాక్యాలు ఈ రోజే. నాలుగోదాంట్లో ‘వుడ్’: పనుల కుప్ప మాత్రమే బయటికి, స్థితుల కుప్ప డ్రాయర్లోనే. వారం తర్వాత ఐదో పీరియడ్, “నాకు అలవాటు” చీటీలు. “ఉంటే” చీటీలు ఈ పాఠంలో ఇంగ్లీషులోకి తేనక్కర్లేదు, ఇవి వేరని గుర్తుపడితే చాలు.

ఆరోదాంట్లో సొంత పేరా, పది వాక్యాలు, ఒక షరతుతో: మొత్తం పేరాలో గతానికి ‘యూస్ట్ టు’ రెండుసార్లకి మించకూడదు. ఈ షరతు లేకపోతే ప్రతి వాక్యంలోనూ అదే వస్తుంది, కొత్త చెప్పులు కొన్నవాడు నిద్రలో కూడా వేసుకున్నట్టు. నిజానికి ఇంగ్లీషువాళ్ళు గతం గురించి చెప్పేటప్పుడు ఎక్కువ బరువు మోసేది సాదా గతమే. ‘ఎవ్రీ సండే’ అన్న మాట పక్కనుంటే ‘ఐ వెంట్’ అన్నా అలవాటే అవుతుంది. సందేహం వచ్చిన ప్రతిచోటా సాదా గతం రాసెయ్యమని చెప్పండి. దాదాపు ఎప్పుడూ తప్పు కాదు.

దిద్దిన పేరా ఇలా తేలుతుంది:

‘మై గ్రాండ్‌ఫాదర్ యూస్ట్ టు హావ్ ఫార్టీ కోకొనట్ ట్రీస్. ఎవ్రీ సండే ఐ వుడ్ గో టు ద గార్డెన్ విత్ హిమ్. హీ వాజ్ వెరీ స్ట్రాంగ్ ఇన్ దోజ్ డేస్. హీ వుడ్ క్లైంబ్ ద ట్రీస్ అండ్ ఐ వుడ్ కలెక్ట్ ద నట్స్. హీ నెవర్ టుక్ ఎనీ మెడిసిన్. వుయ్ లివ్డ్ ఇన్ దట్ హౌస్ ఫర్ ఎయిట్ ఇయర్స్. హీ వెంట్ టు విశాఖపట్నం ట్వైస్ ఫర్ హిస్ ఐ ఆపరేషన్స్. ఇన్ 2018 తిత్లీ కేమ్ అండ్ మోస్ట్ ఆఫ్ ద ట్రీస్ ఫెల్. నౌ హీ సిట్స్ ఎట్ హోమ్ అండ్ వాచెస్ టీవీ. ఐ యామ్ యూస్ట్ టు లివింగ్ ఇన్ ఎ హాస్టల్ నౌ.’

మొదటి పేరాలో ఆ మాట ఏదో ఒక రూపంలో ఆరుసార్లు ఉంది. ఇందులో రెండే. మొదటి వాక్యంలో ‘హాడ్’ బదులు ‘యూస్ట్ టు హావ్’ ఉంచడానికి కారణం తిత్లీ. చెట్లు పోయాయని ఎనిమిదో వాక్యం చెప్పబోతోంది, దాని నీడ మొదటి వాక్యం మీదే పడింది.

మళ్ళీ తిరిగొచ్చేవి

‘డిడ్ నాట్ యూస్ట్ టు’ ఒకసారి దిద్దితే పోతుంది. లెక్కతేలిన కాలాల తప్పూ పోతుంది. ‘వుడ్ బి స్ట్రాంగ్’ కొన్నాళ్ళు వేధించి పోతుంది. ‘యామ్ యూస్ట్ టు గో’ రాతలో పోయినా, కంగారుగా మాట్లాడేటప్పుడు తిరిగొస్తుంది. అప్పుడు సూత్రం గుర్తుచేయడం దండగ, “నేనా, నాకా?” అని తెలుగులో ఒక్క మాట అందిస్తే తనే దిద్దుకుంటాడు.

అన్నిటికన్నా మొండిది తొమ్మిదో వాక్యం. వర్తమానానికి ‘ఐ యూస్ టు’ అనడం చుట్టూ అందరి నోటా వినిపిస్తుంది, కాబట్టి తప్పని అనిపించదు. నోటితో అంటే ‘యూస్ టు’, ‘యూస్ట్ టు’ ఒకటే కావడంతో చిక్కు ఇంకా పెరుగుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘వాట్ డు యు డు ఇన్ యువర్ ఫ్రీ టైమ్?’ అని అడుగుతారు. రోజూ సాయంత్రం క్రికెట్ ఆడే కుర్రాడు “ఆడుతుంటాను” అనుకుని ‘ఐ యూస్ టు ప్లే క్రికెట్’ అంటాడు. ఎదుటివాళ్ళకి వినిపించేది “ఒకప్పుడు ఆడేవాణ్ణి” అని. ‘వై డిడ్ యు స్టాప్?’ అని అడుగుతారు. కుర్రాడు తెల్లమొహం వేస్తాడు, తను మానేసింది ఏముందని.